ఉస్తాద్ చూడనన్న కారు

మా ఎదురింటి డీజిల్ మెకానిక్ పోయిన గురువారం పొద్దున దవాఖానాలో కన్నుమూశారు. జహీరాబాద్‌లో ఆయన్ని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. నేనూ అంతే. జనాజా మా గల్లీలోంచి కదిలినప్పుడు గేటు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కనిపించాడు, తలకు చేతిరుమాలు కట్టుకుని ఆయనకు భుజం పడుతూ, హైవే పక్కన పాత కార్లు అమ్మే బ్రోకర్. ఉస్తాద్ నోటికాడి కూడు లాగేసినవాడే ఆయన్ని మోస్తున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఏడవాల్సిన చోట పళ్లు కొరుక్కున్నాను.

కాబట్టి చదివేవాళ్లు మన్నించాలి. ఆయన్ని తలచుకుంటూనే రాస్తున్నాను గానీ, పగతో రాస్తున్నాను. పాత డీజిల్ కారు కొనేముందు ఏం చూడాలో ఆయన నోట విన్నదంతా ఇక్కడ పెట్టేస్తాను. ఆ బ్రోకర్ దగ్గరికి పోయే ప్రతివాడి జేబులో ఈ కాగితం ఉండాలి.

కొనేవాళ్లు చూసిపెట్టమంటే ఉస్తాద్ ఏ కారునూ తన షెడ్డుకు తెప్పించుకుని చూసేవారు కాదు. అమ్మేవాడి ఇంటికే, వాడింకా పళ్లు తోముకుంటుండగా, చెప్పాపెట్టకుండా వెళ్లేవారు. ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టేవారు. చల్లగా ఉంటేనే తాళం అడిగేవారు. "పిల్లను చూడాలంటే మనమే పోవాలె. వాళ్లు తోలుకొస్తే ముస్తాబు చేసి తోలుకొస్తరు," అనేవారు. డీజిల్ ఇంజన్ ఒకసారి వేడెక్కితే దాని దగ్గూ ఆయాసమూ లోపలే దాక్కుంటాయట. చల్లటి ఇంజన్ ఎంతసేపటికి అందుకుంది, ఏ రంగు పొగ వదిలింది అన్నది చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే చోట మూత విప్పి, దాన్నే తిరగేసి ఆ రంధ్రం మీద పెట్టేవారు. మూత నిమ్మళంగా కూర్చుంటే సరే. ఎగిరి పడితే ఇంజన్ లోపల అరిగిపోయినట్టే, ఇంక మాట్లాడకుండా చెప్పులేసుకునేవారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూసేవారు, అక్కడ బురద చార కనబడితే ఆ బండి ఏదో వరదలో మునిగి లేచినట్టు. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉంటే భయపడొద్దనీ, తేనెలా మెరిసిపోతుంటేనే అనుమానపడమనీ చెప్పేవారు. నిన్ననే మార్చి ఉంటారు కదా.

ఇక నాలాంటివాళ్లకు పెద్ద ఆఫీసర్లు తిరిగిన కారంటే పిచ్చి మోజు. ఉస్తాద్ నవ్వేవారు. ఇంటి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి ఇంటికీ ట్రాఫిక్‌లో పాకిన డీజిల్ బండికి పొగగొట్టంలో మసి పేరుకుపోతుందట. "మీటర్ తక్కువున్నదని మురవకు టీచరమ్మా. హైవే మీద ఉరికిన బండికే దమ్ము మంచిగుంటది," అన్నారు.

అన్నారు, నేను విన్నాను కూడా. విని ఏం చేశానో చెబుతాను.

రాయికోడ్ బడిలో నేను సైన్స్ టీచర్ని. రోజూ బస్సులో నలిగీ నలిగీ విసిగిపోయి ఉన్నాను. బ్రోకర్ ఒక నల్లటి పెద్ద కారు చూపించాడు. హైదరాబాద్‌లో ఒక్క ఆఫీసర్ చేతిలోనే తిరిగిందన్నాడు. మర్నాడు పొద్దున్నే బ్రోకర్ కార్లు నిలబెట్టే యార్డుకు పోదామని ఉస్తాద్ అంటే సరేనన్నాను. కానీ బ్రోకర్ అంతకన్నా తెలివైనవాడు. మీకెందుకు శ్రమ మేడం అని ఆ సాయంత్రమే కారును మా గుమ్మం ముందు పెట్టాడు. మా ఆడపడుచులు ఇంట్లోనే ఉన్నారు. కొబ్బరికాయ కూడా తెప్పించారు. ఉస్తాద్ వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టారు. "వెచ్చగున్నది. నేను చూడ," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. అంతమంది ముందు నా మొహం మాడిపోయింది. ఆ కోపంలోనే కారు కొనేశాను.

నెల తిరక్కుండా అది చిరాగ్‌పల్లి దగ్గర నల్లపొగ కక్కి ఆగిపోయింది. బ్రోకర్‌కు ఫోన్ చేసి కడిగేశాను. వాడు నిదానంగా విని ఒక్క మాటన్నాడు.

"ఆ ముసలాయన బానెట్ మీద చెయ్యి పెట్టిండు గద మేడం. ఆయన చూసిన బండ్లన్ని మల్ల ఆయన షెడ్డుకే ఎట్ల వస్తయో జర ఆలోచించుండ్రి."

అరచెయ్యి ఆనిస్తే ఇంజన్ చెడిపోతుందని నేను నమ్మాను. పిల్లలకు సైన్స్ చెప్పే నేను! నమ్మి ఊరుకోలేదు. స్టాఫ్ రూమ్‌లో చెప్పాను, బట్టలు కుట్టించుకునే చోట చెప్పాను, బస్సులో చెప్పాను. నా తెలివితక్కువతనాన్ని ఒప్పుకోవడం కన్నా ఉస్తాద్‌ను దొంగను చేయడం తేలికైంది.

మావారు నాకు చెప్పకుండా కారును ఉస్తాద్ దగ్గరికే లాగించుకుపోయారు. ఆయన మసి మొత్తం కడిగి బాగుచేసి, నన్ను పిలిచి బ్రేక్ పెడల్ చూపించారు. రబ్బరు అరిగి నున్నగా ఉంది. మీటర్‌ను ఎవరో వెనక్కి తిప్పారు, పెడల్ మీద కాలి అరుగును తిప్పలేకపోయారు అని మాత్రం అన్నారు. అప్పుడైనా నోరు విప్పి నా మాట వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. మాట అప్పటికే మండలమంతా పాకింది. కార్లు చూడమని ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారు, తర్వాత లేనేలేరు. షెడ్డు ముందు స్టూలేసుకుని ఉట్టినే కూర్చునేవారు. నేను ఎదురుగా కారు తీసి బడికి పోయేదాన్ని. చెయ్యెత్తి సలాం చేసేవారు.

ఉస్తాద్ పోయిన మూడోరోజు చాచీ దగ్గరికి, అంటే ఉస్తాద్ భార్య దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆ మాట పుట్టించింది బ్రోకర్, మోసింది నేను అన్నాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

"ఆయనకు ఎర్కనే బిడ్డా. మొదటి దినమే ఎర్క. పోయి అడుగుమంటే, 'టీచరమ్మ చెప్పినంక జనం నమ్మకుంట ఉంటరా' అన్నడు. గంతే."

బ్రోకర్ చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. వాడి అబద్ధానికి టీచరు నోరు కావలసి వచ్చింది. నేనిచ్చాను. వాణ్ణి కొట్టాలంటే ఇప్పుడు నా చేతిలో ఉన్నది కూడా ఆ నోరొక్కటే.

మొన్న ఆదివారం తెల్లవారగానే యార్డు గేటు ముందు నిలబడ్డాను. మొదట ఒక అల్లం రైతు భార్యతో మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఆపి చెప్పాను.

"ఉస్తాద్ బండ్లు ఖరాబ్ చేస్తడని ఊరంత చెప్పింది నేనే. అబద్ధం చెప్పిన. ఈ బ్రోకర్ నేర్పిస్తే చెప్పిన."

బ్రోకర్ నవ్వుతూ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాడు, లోపల కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. ఇంకా గట్టిగా చెప్పాను. రైతు భార్య చాలాసేపు చూసింది, బ్రోకర్ వైపు కాదు, నా వైపు. ఒక ముసలాయన పొట్టకొట్టిన మనిషిని చూసే చూపు. ఆ చూపు భరించాను. వాళ్లు బండి తిప్పుకుని వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే.

ఎండెక్కాక బ్రోకర్ కార్ల మీద నీళ్లు చల్లి తుడవడం మొదలుపెట్టాడు. ముంబై లారీ పోయిన ప్రతిసారీ తుడిచిన అద్దాల మీద మళ్లీ దుమ్ము పడుతోంది. గేటు దగ్గర ఇంకో బండి ఆగింది. నేను గొంతు సవరించుకున్నాను.