ఐదు కట్టెల శ్రుతి

నంద్యాల గాంధీచౌక్ వెనక సందులో హార్మోనియం పెట్టెలు బాగుచేసే నిజాముద్దీన్‌కు చదువు ఐదో తరగతితో ఆగింది. చెవి మాత్రం ఆగలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో అతను శ్రుతి చేసిన పెట్టెలు పదకొండు వందల నలభై. బనగానపల్లె మామిడితోటల షావుకారు పెట్టె, యాగంటి భజనగుంపు పెట్టె, సున్నిపెంటలో ఓవర్సీరు భార్య నేర్చుకుందామని కొని నేర్చుకోని పెట్టె, అన్నీ అతని చేతిమీదుగా పోయినవే. ఒక్కటి కూడా తప్పు శ్రుతితో అంగడి గడప దాటలేదు. ఈ మాట అడిగినవాళ్లకు చెప్పేవాడు. అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్పేవాడు.

వచ్చేవాళ్లు ఒకే సరుకును తలా ఒక పేరుతో అడిగేవారు. నాటకాలవాళ్లు కట్టె అనేవారు. భజనవాళ్లకు అది ఎత్తు, సన్నాయివాళ్లకు ఒత్తు, పల్లెల్లో సుతి. చర్చిలో పాటలు చెప్పే ఇస్సాకు పంతులైతే మా ఆడోళ్ల గొంతుకు సరిపడేటట్టు పెట్టమనేవాడు. నిజాముద్దీన్ అందరికీ తలూపి శ్రుతి చేసి పంపేవాడు. ఇంట్లో ఆ మాట తిండికి కూడా పనికొచ్చేది. పప్పులో ఉప్పు తగ్గితే శ్రుతి దిగిందనేవాడు. ఎదురింటి కొత్తజంట కొట్లాడుకుంటే శ్రుతి కలవలేదనేవాడు. మరీ ఎక్కువైన రోజు భార్య హమీదాబీ, శ్రుతి మించుతోందని ఒక్కసారి చెప్పేది. ఆ పూట ఉప్పు తగ్గినా పప్పు బాగుందనేవాడు.

1979 ఎండాకాలంలో నరసింహులు తన పెట్టెను సైకిలు వెనక కట్టుకుని వచ్చాడు. పద్యనాటకాల్లో రాజు వేషం అతనిది. పాతికేళ్లుగా గోడకాగితాల మీద అతని పేరు 'ఐదు కట్టెల నరసింహులు' అనే పడుతోంది. హార్మోనియం మీద ఐదో తెల్లకట్టెను, అంటే ఐదో తెల్లమీటను, ఆధారం చేసుకుని పద్యం ఎత్తేవాడని దానర్థం. మామూలు మగవాళ్ల గొంతు రెండో కట్టె దగ్గరే ఆయాసపడుతుంది.

"ఎండకు పెట్టె శ్రుతి ఎక్కింది నిజామన్నా. ఐదు నొక్కితే ఆరు పలుకుతాంది" అన్నాడు.

నిజాముద్దీన్ తన శ్రుతి పీక ఊది, పెట్టెతో కలిపి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఒక పద్యం ఎత్తమన్నాడు. ఐదు మీద నరసింహులు గొంతు రెండో పాదానికే చీలింది. నాలుగు మీద ఎత్తితే వెనకటిలాగే సందు చివరిదాకా పోయింది.

"నాలుగు మీద పాడితే ఏం పోయిందప్పా?" అన్నాడు నిజాముద్దీన్.

"ఆదివారం ఆళ్లగడ్డలో ఆట. ముందు వరసలో గురుస్వామి ఉంటాడు."

గురుస్వామి ఆళ్లగడ్డలో పోస్టుమ్యానుగా చేసి దిగిపోయినవాడు. నాటకానికి వస్తే వేషాల ముఖం చూడడు, హార్మోనిస్టు వేళ్లు చూస్తాడు. ఎన్నో కట్టె నొక్కారో తెల్లారేసరికి, జాబులు పంచినట్టు ఇంటింటికీ చేరవేస్తాడు. నాలుగని తేలితే ఇంక బతికినంతకాలం నాలుగు కట్టెల నరసింహులు అనిపించుకోవాలి. అందుకే ఐదు నొక్కితే నాలుగు పలికేటట్టు పెట్టమని అడగడానికి వచ్చాడు. అడగలేక, ఎండ మీద నెట్టాడు.

నిజాముద్దీన్ రెండు రోజులు ఆ పెట్టెను ముట్టుకోలేదు. పదకొండు వందల నలభై పెట్టెల మాట ఒకవైపు, నరసింహులు ఒకవైపు. మూడో రోజు అన్నం దగ్గర హమీదాబీకి సంగతంతా చెప్పాడు.

"పెట్టెకు మానం పోదు. మనిషికి పోతాది" అని ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది.

పెట్టెలో ఒక్కో కట్టె కింద ఒక్కో ఇత్తడి నాలుక ఉంటుంది. పలికేది అదే. ముప్పై తొమ్మిది నాలుకలనూ విప్పి, నాలుగుకూ ఐదుకూ మధ్య ఒక నల్లకట్టె కూడా ఉంది కాబట్టి ఒక్కోదాన్ని రెండు గడులు కుడికి జరిపి బిగించాడు. ఎడమ చివర ఖాళీ అయిన గడుల్లో పాతపెట్టెవి రెండు వేశాడు. కుడి చివర మిగిలిన రెంటినీ సూదుల డబ్బాలో దాచాడు. పని మాత్రం చాలా శుభ్రంగా వచ్చింది. చెప్పుకోవడానికే వీల్లేకపోయింది.

ఆదివారం తను కూడా బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాడు. తబలా అతను పెట్టెకే తబలా కలుపుకున్నాడు కాబట్టి అక్కడ చిక్కు రాలేదు. రాజు వచ్చి మొదటి పద్యం ఎత్తాడు. హార్మోనిస్టు వేలు ఐదు మీద ఉంది. గురుస్వామి మెడ చాచి చూశాడు, కళ్లద్దాలు తుడిచి మళ్లీ చూశాడు, వెనక్కి తిరిగి జనానికి ఐదు వేళ్లూ చూపించాడు. జనం 'ఇంకోసారి' అని కేకేశారు. నరసింహులు ఇంకోసారి పాడాడు.

నాటకం పెట్టించినవాళ్లు ఆట ఆపి అతనికి శాలువా కప్పబోయారు. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నాది కాదు. ఈ పెట్టెకు శ్రుతి చేసినోడు ఆడ కూర్చోనుండాడు. ఇరవై ఎనిమిదేండ్లలో ఒక్క తప్పు పెట్టె పంపనోడు. రా నిజామన్నా."

నిజాముద్దీన్ లేవలేదు. పక్కవాళ్లు లేపి పంపారు. అంతవరకూ అతనికి ఎవరూ తువ్వాలు కూడా కప్పలేదు. శాలువాతో కిందికి దిగుతుంటే గురుస్వామి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఐదేనన్నా. నా కండ్లతో చూసినా."

"నువ్వు చూసినావంటే ఇంకేముందప్పా" అన్నాడు నిజాముద్దీన్.

మర్నాడు పొద్దున అంగడి తెరిచేసరికి నరసింహులు పెట్టెతో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "మళ్లా ఎట్లుండెనో అట్ల పెట్టన్నా. ఇంక నేను మంత్రి వేషం కడతా. మంత్రికి పద్యాల్లేవు" అన్నాడు. నిజాముద్దీన్ సూదుల డబ్బా మూత తీశాడు.

ఆ తర్వాత అతను ఇంకో తొమ్మిదేళ్లు పనిచేసి, పెట్టెల లెక్కను పదమూడు వందలు దాటించాడు. అవి ఎవరెవరివో వరసగా చెప్పేవాడు. ఆ శాలువా మాత్రం అంగడిలో విప్పిన పెట్టెల మీద పరిచి ఉండేది. అంత మంచి శాలువా ఎవరు కప్పారని వచ్చినవాళ్లు అడిగేవారు.

"దుమ్ము పడకుండా" అనేవాడు నిజాముద్దీన్.