పార్టీ ఫిరాయించిన మా క్యాట్‌ఫిష్

అడాజన్‌లో మా అపార్టుమెంటంతా గుజరాతీ శాకాహారులే. ఇంట్లో నీసు వండకూడదన్న షరతు మీదే ఫ్లాటు అద్దెకిచ్చారు. అద్దాల తొట్టి పట్టనంతగా పెరిగిన మా క్యాట్‌ఫిష్‌ను మాత్రం కింద ఖాళీగా ఉన్న సిమెంటు తొట్టిలో ఉంచుకోనిచ్చారు. దానికోసం రోజూ రొయ్యలు టిఫిన్ డబ్బాలో దాచి తెస్తున్నాను. ఈ మధ్య అది వాటిని ముట్టడం లేదు. జబ్బు చేసిందేమోనని బెంగపడ్డాను.

ఈ రోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి చూస్తే, పక్కింటి హంసాబెన్ పుణ్యం వస్తుందని తొట్టిలోకి గోధుమపిండి ఉండలు వేస్తోంది. మా చేప ఆమె చేతి దగ్గరికే వచ్చి గుటుక్కున మింగుతోంది. పక్కన పిండి గిన్నె పట్టుకుని మా ఆవిడ!

"ఇగ రొయ్యలు తేకుండ్రి. పిండి ఉండలకే మస్తు ఖుషీగున్నది" అంది.

ఈ బిల్డింగులో మేము కాక నీసు తినేది అదొక్కటే. చివరికి అదీ అటే వెళ్లిపోయింది. రొయ్యల డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. చుట్టుపక్కల వండుకునే వీలున్నవాళ్లెవరైనా ఉంటే పిలవండి, వస్తాను.