కరెంటు పోని మధ్యాహ్నం

తొంభైల చివర్లో నర్సీపట్నంలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ నేను పీహెచ్‌డీ చేస్తుంటే, మా ఇంట్లోవాళ్లు దాన్నొక జబ్బుగా చూసేవారు. నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్ పరమాణు కేంద్రకాన్ని తాకి ఏ కోణంలో ఎంతగా చెదురుతుందో లెక్కగట్టడం నా పని. నా లెక్క గీసిన గీత, ప్రయోగంలో కొలిచిన చుక్కల మీదుగా పోవాలి. ముందువైపు బాగానే పోయేది. వెనక్కి తిరిగొచ్చే కోణాల దగ్గర మాత్రం చుక్కలదో దారి, నా గీతదో దారి.

విశాఖలో మా గైడుగారు విసిగిపోయారు. "కేంద్రకం బలాన్ని కాస్త అటూ ఇటూ మార్చి కలిపేయమ్మా. లేదంటే ఇది వదిలేసి వేరే సమస్య పట్టుకో" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కారణం తెలియకుండా కలిపితే అది లెక్కేంటి, అతుకు గానీ. వదిలేస్తేనేమో ఇన్నేళ్ల చాకిరీ గంగపాలు.

కంప్యూటరు మా బాబాయిది. పెళ్లికార్డులు, చర్చి కూటాల కరపత్రాలు వేసే ఆయన డీటీపీ షాపులో మధ్యాహ్నం ఖాళీగా ఉండేది. మూడింటికి కరెంటు కోత. "ఏటమ్మా, ఇంకా అవ్వనేదా? బేగి కానీ, కరెంటు పోద్ది" అని ఆయన తొందర. అందుకే కోతలోపు ముగిసేలా, కేంద్రకం నుంచి కొంత దూరం వరకే లెక్కించి ఆగిపొమ్మని ప్రోగ్రాములో రాసిపెట్టాను. ఆపైన దాని బలం ఏముంటుందిలే అనుకున్నాను.

ఒకరోజు ఊళ్లోకి మంత్రిగారొచ్చారు. ఇంకేం, కోత లేదు. నా లెక్క ఎప్పట్లాగే ముగిసింది, నెత్తిమీద ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. దానివంక చూస్తూ కూర్చుంటే తట్టింది. ఇక్కడే ఎందుకు ఆపాను? కేంద్రకం బలం ఇక్కడ అయిపోయిందనా, మూడింటికి కరెంటు పోతుందనా? ఆ దూరం ఒక్కటీ పెంచి మళ్లీ నడిపాను. ఇంకేదీ ముట్టుకోలేదు.

సాయంత్రానికి గీత వచ్చింది. వెనక కోణాల్లో ఒక్క చుక్కనీ వదలకుండా పోయింది. నేను కుర్చీలోంచి లేచి కేకపెట్టాను. కార్డుల కోసం వచ్చిన పెళ్లివారు బెదిరిపోయారు.

"కలిసింది బాబాయ్, కలిసింది!"

"అయితే బేగి ప్రింటు తీసెయ్యమ్మా. మంత్రిగారు ఎల్లిపోతే కరెంటూ ఎల్లిపోద్ది."

ప్రింటర్లో పసుపు అంచు పెళ్లికార్డులే ఉన్నాయి. కలశం బొమ్మ కిందే నా గీత అచ్చయింది.

మర్నాడు ఆ కార్డు గైడుగారి బల్లమీద పెట్టాను. ఆయన చుక్కల వెంట వేలు పోనిచ్చి, గీత చివరిదాకా చూశారు.

"బలం ఎంతకి మార్చావమ్మా?"

"మార్చలేదండీ. ఈసారి మధ్యలో ఆపలేదు, అంతే."

ఆయన లేచి, పక్కగదుల్లోవాళ్లందర్నీ పిలిచి, ఆ పెళ్లికార్డు తనే పట్టుకుని ఒక్కొక్కరికీ చూపించారు.