సప్లై చైనులో మా మామ కుర్చీలు

మాదాపూర్‌లో అద్దాల కంటే బండరాళ్లే ఎక్కువగా ఉన్న రోజులవి. ఆ రాళ్ల మధ్య కొత్తగా ఒక అద్దాల బిల్డింగు లేస్తే, దాన్ని చూడ్డానికి జనం టిఫిన్ డబ్బాలు కట్టుకుని మరీ వచ్చేవాళ్లు. నేనూ వెళ్లాను. ఎండకి ఆ అద్దాలు మెరిసిన మెరుపుకి ఇంటికొచ్చాక కూడా నాకు కళ్లు సరిగ్గా కనబడలేదు (మా అమ్మ దాన్ని కళ్లకలక అంది, నేను భవిష్యత్తు అన్నాను). గేటు దగ్గర సెక్యూరిటీవాడు నన్ను గదమాయించే లోపే కింది అంతస్తు అద్దంలోంచి ఒక దృశ్యం చూశాను. నా వయసు కుర్రాడొకడు, మెడలో తాడు, తాడుకి కార్డు, కూర్చున్నచోట్నుంచి లేవకుండానే గిర్రున వెనక్కి తిరిగి ఫోను ఎత్తాడు, మాట్లాడాడు, పెట్టేశాడు, మళ్లీ గిర్రున ముందుకి తిరిగాడు. అంతే. జన్మెత్తినందుకు నాకేం కావాలో తెలిసిపోయింది. ఉద్యోగం కాదు, జీతం కాదు. ఆ తిరిగే కుర్చీ.

మా ఇంటికి కుర్చీల కరువని కాదు. చందానగర్ బజారులో మా మేనమామకి టెంట్ హౌస్ ఉండేది. పెళ్లయినా, చావయినా, లీడర్ల మీటింగయినా షామియానాలూ, గంగాళాలూ, ఇనప కుర్చీలూ ఆయన దగ్గర్నుంచే కిరాయికి వెళ్లేవి. ఏటా పెళ్లిళ్ల సీజను ముందు కుర్చీల వీపుల మీద దుకాణం పేరూ, ఫోను నంబరూ ఎర్ర రంగుతో రాయించేవాడు. రంగు ఆరిందా లేదా అన్న పట్టింపు ఆయనకి బొత్తిగా లేదు. కూర్చున్నవాళ్ల తెల్లచొక్కాల మీద అక్షరాలు తిరగబడి అచ్చు పడితే "ఫుకట్‌ల పబ్లిసిటీ" అని మీసం దువ్వుకునేవాడు. మా నాన్నతో సహా మా ఇంట్లో అందరికీ ఆయనంటే హడల్. డిగ్రీ అయ్యాక నేను ఇంట్లో వెలగబెడుతున్నది చూసి ఒకరోజు ఆయన తేల్చేశాడు. "ఇగ చాలు తియ్ అల్లుడా. ఎండకాలం సీజన్ షురూ గాంగనే వచ్చి దుకాణంల కూసో." ఆయన దుకాణంలో కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, కుర్చీలు మొయ్యడం. ఆ సంగతి నా భుజాలకి అంతకుముందే తెలుసు.

సరిగ్గా అప్పుడే దేవుడు నా మొర విని, గోపన్‌పల్లి పక్కనున్న యూనివర్సిటీలో ఒక కొత్త సాయంత్రం కోర్సు తెరిపించాడు. పేరు సప్లై చైన్ మేనేజ్‌మెంట్. చివర్లో అద్దాల బిల్డింగు కంపెనీలవాళ్లే వచ్చి మంచివాళ్లని ఏరుకుంటారట. నేను చేరతానన్నాను. ఆ పేరు మా బస్తీలో రేపిన గందరగోళం అంతా ఇంతా కాదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "డిగ్రీ సదివి హోటల్ల సప్లయరెందుకురా కొడకా, నలుగురికి ఇడ్లీలు మోసుడుకు గూడ కోర్సా?" అంది. నా దోస్తులు పొట్ట పట్టుకుని నవ్వారు. "అకౌంట్స్‌ల సప్లీ, స్టాటిస్టిక్స్‌ల సప్లీ, ఇంగ్లీషుల సప్లీ. ఇన్ని సప్లీలు రాసినోనికి గా చైన్ ఎట్ల మేనేజ్ చెయ్యాల్నో వేరే నేర్పాల్నా? నువ్వే పోయి పాఠం చెప్పు పోరా!" అన్నారు (తప్పిన పరీక్షల సంగతి అందరి ముందూ ఎత్తేవాడే అసలైన దోస్తు). పక్కింటి ఆంటీ అయితే చైను ఎన్ని తులాలని అడిగింది. మామ మాత్రం చాలాసేపు ఆలోచించి, నన్ను దుకాణం ముందుకి లాక్కెళ్లి తన బోర్డు చూపించాడు.

"చదువు. ఏమున్నది?"

"టెంట్ హౌస్ అండ్ సప్లయర్స్."

"మరి? గా యూనివర్సిటోళ్లు నేర్పేదేంది? షామియానా గుంజుడా? నా తాన ఫిరీగ నేర్చుకునేది ఆడికి పోయి నేర్చుకుంటవా?"

చివరికి అమ్మ కన్నీళ్ల వల్ల ఒప్పందం కుదిరింది. అద్దాల బిల్డింగులో నౌకరీ వస్తే నేను స్వతంత్రుణ్ణి. రాకపోతే ఆ సీజను నుంచి జీవితాంతం ఇనప కుర్చీలే.

మాకు పాఠం చెప్పే సారుది కాకినాడ వైపు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు బాటిల్‌నెక్ సారు. ఎక్కడ పని ఆగినా ఆయనకి అక్కడ సీసా మెడే కనిపించేది. క్యాంటీన్లో సమోసా ఆలస్యమైతే, "చూశారాండి, నూనె కాదండి, జల్లిగరిటండి బాటిల్‌నెక్కు!" అని వంటవాడికి క్లాసు పీకేవాడు. ఆయన వేదమంతా జపానువాళ్లు కనిపెట్టిన ఒక్క మాటలో ఉండేది, జస్ట్ ఇన్ టైమ్. "సరుకు గోడౌన్లో కూర్చుంటే పాపమండి. కావలసినప్పుడే రావాలండి. ముందొచ్చిందా దండగ, వెనకొచ్చిందా దండగ" అనేవాడు. నాకు ఆ సిద్ధాంతం విపరీతంగా నచ్చింది. జీవితంలో ఏ పనీ ముందుగా చెయ్యక్కర్లేదని ఒక యూనివర్సిటీ ఒప్పుకోవడం అదే మొదటిసారి.

కోర్సు చివర్లో పెద్ద సెమినారు. కంపెనీల పెద్దలు వస్తారు. నేర్చుకున్నదాన్ని ఒక్కొక్కళ్లం నిజం పని మీద చేసి చూపించాలి. హాలు దొరక్క సెమినారు షామియానా కింద పెట్టారని తెలియగానే సారు నా భుజం మీద చెయ్యేశాడు. "మీ మావయ్యగారి కుర్చీలే మీ ప్రాజెక్టండి." నేను వెళ్లి మామకి జస్ట్ ఇన్ టైమ్ వివరించాను. ముందు రోజే కుర్చీలు తెచ్చి పడెయ్యక్కర్లేదనీ, అతిథులు దిగే క్షణానికి దిగితే చాలనీ చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే నా కుర్చీలు పొద్దుగాల ఓ పెండ్లికి, పగటీలి నీ మీటింగుకు ఇయ్యొచ్చంటవ్?"

"ఆఁ."

"ఒక్క కుర్చీ మీద ఒక్కటే రోజు రెండు కిరాయిలు!" ఆయన నన్ను కావలించుకున్నాడు. "గిదిరా సదువంటే! మీ సారుకు ఓ గంగాళం బహుమతి ఇయ్యాలె."

ఆ పూటే మణికొండలో ఒక పెళ్లికి మొత్తం కుర్చీలు బుక్ చేసేశాడు. నేను పెద్ద చార్టు మీద మణికొండ దగ్గరొక గుండ్రం, యూనివర్సిటీ దగ్గరొక గుండ్రం గీసి, మధ్యలో ఎర్ర బాణం వేశాను. అంత అందమైన బాణం మళ్లీ వెయ్యలేదు.

సెమినారు రోజు మధ్యాహ్నం డీసీఎం వ్యానేసుకుని మణికొండ వెళ్లాను. పెళ్లయింది. భోజనాలయ్యాయి. ఆకులు కూడా ఎత్తేశారు. కానీ ఒక్క కుర్చీ ఖాళీ లేదు. పందిట్లో మనుషులు పాతేసినట్టు కూర్చున్నారు. ముందు వరసలో పెళ్లికొడుకు తాత, పొడుగాటి మీసాలాయన, చుట్ట వెలిగించుకుంటున్నాడు.

"తాతా, కుర్చీలు తీస్కపోవాలె, జర లేస్తరా?"

"ఏడికి లేస్తం బిడ్డా? వర్జ్యం నడుస్తున్నది. అది దాటేదాంక పిల్లను సాగనంపొద్దన్నడు అయ్యగారు. పిల్ల కదలంది మేం కదలం."

నా చార్టులో అన్నీ ఉన్నాయి. లోడింగు ఉంది, రోడ్డు ఉంది, గచ్చిబౌలి దగ్గర గేదెలు అడ్డం వస్తే పట్టే సమయం కూడా ఉంది. వర్జ్యం లేదు. జపానోడు ఆ సిద్ధాంతం కనిపెట్టినప్పుడు అతని పక్కన ఒక్క పంతులైనా కూర్చుని ఉంటే నాకీ గతి పట్టేది కాదు. నా కళ్ల ముందు తిరిగే కుర్చీ గిర్రున తిరిగి, తిరిగి, దూరంగా వెళ్లిపోతోంది. అవతల కంపెనీల పెద్దలు దిగే వేళ దగ్గరపడుతోంది. అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది (అలాంటివి నాకు ఇప్పటికీ వస్తుంటాయి, అందుకే మా ఆవిడ నన్ను ఒంటరిగా బయటికి పంపదు). పంతులుగారి దగ్గరికెళ్లి వినయంగా అడిగాను.

"అయ్యగారూ, వర్జ్యంలో అత్తారింటికి వెళ్లకూడదు గానీ, సరదాగా అట్లా షికారుకు వెళ్లి రావచ్చునా?"

ఆయన పంచాంగం తిప్పాడు, ఆకాశం చూశాడు, తనకీ విసుగ్గానే ఉన్నట్టుంది. "షికారుకు దోషం లేదు నాయనా. ఏమైనా తాగడానికుంటుందా?"

"కూల్‌డ్రింకులు, సమోసాలు. పైగా ఫ్యాన్లు."

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. డీసీఎంలో వరసలుగా కుర్చీలు, కుర్చీల్లో మనుషులు, ముందు కుర్చీల్లో బాసికాలతో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, వెనక ట్రాక్టరులో మిగిలినవాళ్లు, అన్నిటికంటే ముందు బ్యాండు. సరిగ్గా సెమినారు మొదలయ్యే నిమిషానికి యూనివర్సిటీలోకి ఊరేగింపుగా ప్రవేశించాం. షామియానా కింద టైలు కట్టుకున్న పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. బాటిల్‌నెక్ సారు మొహం గోడకు కొట్టిన సున్నంలా ఉంది.

"ఏంటండి ఇది?"

"జస్ట్ ఇన్ టైమ్ సార్. సరుకూ వచ్చింది, గిరాకీ కూడా వచ్చింది."

పెళ్లివాళ్లు కుర్చీలతో సహా దిగి, కుర్చీలతో సహా సర్దుకున్నారు. ముందు వరసలో మీసాల తాత, పక్కన పెళ్లిజంట. షామియానా కిటకిటలాడిపోయింది. కూర్చోవడానికి చోటు లేనిదల్లా ఎవరికోసం ఆ సెమినారు పెట్టారో వాళ్లకే. నేను ఆఫీసు రూముకి పరిగెత్తి మామకి ఫోను చేశాను.

"మామా, పరేషాన్ల ఉన్న. పెద్దసార్లు నిలబడ్డరు. ఇంక కుర్చీలున్నయా?"

"అన్ని ఆడికే పంపితిగదరా. పొద్దున పేర్లు రాయించినయి నాలుగు ఉన్నయ్."

"అవే తే!"

మామ ఆటోలో ఆ కుర్చీలు వేసుకుని స్వయంగా వచ్చాడు. పెద్దమనుషులు హమ్మయ్య అని వాటిలో వెనక్కి వాలారు. అందులో ఒకాయన లేచి, సరుకు ఎక్కడెక్కడ ఎందుకు ఆగిపోతుందో చెప్పి, "మీ అనుభవంలో ఆలస్యానికి ముఖ్య కారణమేమిటి?" అని సభని అడిగాడు.

"వర్జ్యం బిడ్డా" అన్నాడు తాత. సభంతా చప్పట్లు కొట్టింది. అడిగినాయన దాన్ని బుద్ధిగా రాసుకున్నాడు.

తర్వాత నా వంతు. చార్టు పట్టుకుని నిలబడి, బాణం మీద వేలు పెట్టానో లేదో, పంతులుగారు వాచీ చూసి గావుకేక పెట్టాడు. "వర్జ్యం దాటింది! లేవండి, లేవండి!" పందిరంతా ఒక్కసారి లేచింది. పెళ్లికూతురు తల్లిని పట్టుకుని భోరుమంది. తల్లి పిల్ల చెయ్యి తీసి అత్త చేతిలో పెట్టి, పక్కనే నిలబడ్డాడు గనక బాటిల్‌నెక్ సారు చేతిలో కూడా పెట్టి, "మా బిడ్డ పైలం అయ్యా" అంది. ఆయన ఎవరితో ఏ చుట్టరికమో తెలియక, "అలాగేనండి, తప్పకుండానండి" అని కళ్లు తుడుచుకున్నాడు. బ్యాండు మొదలైంది. షామియానా ఖాళీ అయింది. ఖాళీ కుర్చీల మధ్య నేనూ, నా బాణం.

కంపెనీల పెద్దలు మర్యాదగా చెయ్యి కలిపి వెళ్లిపోయారు. వాళ్లు కారెక్కుతుంటే వెనకనుంచి చూశాను. తెల్లటి చొక్కాల వీపుల మీద ఎర్రగా, తిరగబడి, మా మామ దుకాణం పేరూ ఫోను నంబరూ.

సారు నన్ను పాస్ చేశాడు. "ఇన్నాళ్ల సర్వీసులో మనిషి రూపంలో బాటిల్‌నెక్కుని చూడ్డం ఇదే మొదలండి" అన్నాడు గానీ, తిట్టలేదు. ఏరుకున్నవాళ్ల పేర్లలో మాత్రం నా పేరు లేదు. సీజను దగ్గరికొచ్చింది. అమ్మ నా మొహం వంక చూడ్డం మానేసి వంటింట్లోనే తిరిగేది.

ఓ రోజు పొద్దున్నే మామ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "అల్లుడా, అద్దాల బిల్డింగుల నుంచి ఫోన్! నిన్నే రమ్మంటున్నరు!" నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అమ్మ బొట్టు పెడితే వెళ్లాను. నన్ను పిలిచింది ఆ వర్జ్యం రాసుకున్నాయనే. నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు సెమినారు నుంచి తిన్నగా ఆఫీసుకే వచ్చాడట. ఆ బిల్డింగులో ఏ గోడ చూసినా అద్దమేనాయె. తిరగబడ్డ అక్షరాలు అద్దంలో ఎంత చక్కగా తిన్నగా కనబడతాయో వేరే చెప్పాలా? ఆఫీసంతా ఆ నంబరు కంఠతా పట్టేసింది. "వచ్చే వారం మా కంపెనీ ఫంక్షన్. కుర్చీలు మీరే పెట్టాలి" అన్నాడు. "అయితే ముందు రోజే తెచ్చెయ్యండి, ప్లీజ్."

అలా నేను అద్దాల బిల్డింగులోకి అడుగుపెట్టాను. వెనక గేటు నుంచి, నెత్తిమీద కుర్చీలతో. మామ డీసీఎం దగ్గర నిలబడి అరిచాడు. "లోపటికి పోయినవ్ కదరా! ఇగ గిది నౌకరి కాకపోతే ఏంది?"

ఇప్పుడు ఆ బండరాళ్లు లేవు, మామ లేడు, బోర్డు మీద నా పేరుంది. ఆ చుట్టుపక్కల ఏ బిల్డింగులో ఫంక్షనయినా కుర్చీలు నావే. మొన్నామధ్య ఒకచోట కుర్చీలు దింపించి, ఆదివారం కదా, ఎవరూ లేరని చూసుకుని మూలనున్న తిరిగే కుర్చీలో కూర్చున్నాను. ఒకసారి గిర్రున వెనక్కి. ఒకసారి గిర్రున ముందుకి. తల కూడా కాస్త తిరిగింది. ఎదురుగా అద్దంలో బట్టతల ఆసామి ఒకడు, చొక్కా చేతి మీద ఎర్ర రంగు మరక, ఏదో గెలిచినట్టు నవ్వుతున్నాడు. వాడి వెనక, అద్దానికి అవతల ఎండలో, టిఫిన్ డబ్బా పట్టుకుని ఎవరో కుర్రాడు కళ్లు చికిలించి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. చెయ్యి ఊపబోతుంటే వెనకనుంచి ఎవరో పలకరించారు. మెడలో కార్డు వేసుకున్న పాతికేళ్ల అమ్మాయి.

"అంకుల్, మీరు ఏ డిపార్ట్‌మెంట్?"

"సప్లై చైన్, తల్లీ" అన్నాను.

ఇందులో దేన్ని నమ్మినా నమ్మకపోయినా, ఆ ఒక్కమాట మాత్రం నమ్మండి.