యాభై ఎమ్మెమ్ లెన్సూ, పదిహేడుమంది బంధువులూ

పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక్క వేలు నొక్కి పదిహేడుమంది బంధువులను మాయం చేసినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ ఘనుణ్ని నేనే.

అప్పట్లో నేను నంద్యాలలో మా నాయన స్టీలు సామాన్ల అంగడిలో కూర్చునేవాణ్ని. కూర్చున్నది అంగడిలోనే గానీ మనసులో మాత్రం పెద్ద ఫోటోగ్రాఫర్‌ని. నా కెమెరాకు దాంతోపాటు డబ్బాలో వచ్చిన మామూలు జూమ్ లెన్సు ఉండేది. పాపం, చెప్పిన పనల్లా చేసేది. అయినా దాన్ని చూస్తే నాకు పట్టుపంచె కింద హవాయి చెప్పులు వేసుకున్నట్టు నామోషీగా ఉండేది. రోజూ వాడుకోవడానికి, చౌకలో, ఇంకో లెన్సు కొనాలని మూడు నెలలు వీడియోలు చూశాను. అందరూ చెప్పింది ఒకటే: యాభై ఎమ్మెమ్ కొను, ముఖం చెక్కినట్టు వస్తుంది, వెనకదంతా వెన్నలా కరిగిపోతుంది.

మా వీధి చివర స్టూడియో నడిపే మస్తాన్ అన్న ఒక్కడే అడ్డుపడ్డాడు.

"దీనికి జూమ్ లేదబ్బీ. నీ కెమెరాకు పెడితే ఇంకా దగ్గరగా కనపడ్తాది. ఇండ్లల్లో తీసేటోనివి, వెడల్పుగా వచ్చేది చూసుకో" అన్నాడు.

అంత మాటలో నా చెవికెక్కింది 'దగ్గరగా కనపడ్తాది' అన్న ముక్క ఒక్కటే. పాత లెన్సు ఆయనకే ఇచ్చేసి కొత్తది బిగించుకున్నాను. మా అంగడి ముందు ఒక మిరపకాయ బజ్జీని పట్టుకుని తొలి ఫోటో తీసి నాయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "బజ్జీ బాగుండాది. మన అంగడి యాడికి పోయె?" అన్నాడు. దాన్ని కూడా నేను మెచ్చుకోలు ఖాతాలోనే వేసుకున్నాను.

ఆ వారమే ఆళ్లగడ్డలో మా మేనత్త భర్త, అంటే మా పెద్దమామ, షష్టిపూర్తి. ఆయనకూ ఆయన తమ్ముడు చిన్నమామకూ ఏడేళ్లుగా మాటల్లేవు. ఇద్దరి ఇళ్ల మధ్య గోడ ఎవరిదన్నది తగువు. వాళ్లమ్మ, మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, ఈసారి పట్టుబట్టింది. కొడుకులిద్దరూ ఒక్క పటంలో పక్కపక్కన నిలబడాలట, అంతదాకా తను అన్నం ముట్టదట. చిన్నమామ వచ్చాడు. ఫోటోకి నిలబడి వెంటనే వెళ్లిపోతానని షరతు పెట్టి వచ్చాడు.

ఇంత ముఖ్యమైన ఫోటో కదా, ఊళ్లో ఫోటోగ్రాఫర్‌ని పిలుద్దామని అత్త అంటే నేనే వద్దన్నాను. సెల్‌ఫోన్లు పైకి తీసినవాళ్లందరిచేతా మళ్లీ జేబుల్లో పెట్టించాను. అందరినీ హాల్లో నిలబెట్టి కెమెరా కంటికి ఆనించాను. అవ్వ కనిపించింది. ఆమెకు అటొక భుజం, ఇటొక భుజం కనిపించాయి. అంతే.

వెనక్కి జరిగాను. వీపుకు గోడ తగిలింది. కావాలంటే గోడలోకి దూరడానికైనా సిద్ధమే గానీ గోడ ఒప్పుకోలేదు. అందరినీ వసారాలోకి తెచ్చి, నేను గుమ్మం దిగాను. చిన్నమామ సగమే వచ్చాడు. మెట్లు దిగాను. ఇంకొంచెం వచ్చాడు. అలా వెనక్కి నడుస్తూ, రెండు ఆటోలు ఆపి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న శిల్పాల షెడ్డులోకి చేరాను. అక్కడ సగం చెక్కిన రాతి ఏనుగు పక్కన నక్కి చూస్తే, ఓ మూల దాని తొండం అడ్డొచ్చినా, పదిహేడుమందీ అమరారు. నా అరుపులు వాళ్లకు వినపడవు కాబట్టి పెద్దమామకు ఫోన్ చేశాను. "చిన్నమామను కొంచెం ఎడమకు జరగమను మామా" అంటే ఆయన పక్కనున్న తమ్ముడితో చెప్పడు, అత్తకు చెబుతాడు, అత్త చిన్నమామకు చెబుతుంది. ఎండలో అందరి ముఖాలూ కందిపోయాయి. వెనకది బాగా కరగాలని లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి టకటకా పది నొక్కాను. ఎండకు తెరమీద ఏమీ కనపడలేదు. కనపడాల్సిన అవసరమూ నాకు తోచలేదు.

విజయగర్వంతో రోడ్డు దాటి వచ్చి, బండెక్కబోతున్న చిన్నమామను ఆపి మరీ కెమెరా చేతిలో పెట్టాను. ఇటు నుంచి పెద్దమామ కూడా తల దూర్చాడు. ఫోటోలో ఏనుగు ఉంది. దాని తొండంమీద ఉలిదెబ్బలు లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల, వీడియోల్లో చెప్పినట్టే, అంతా వెన్నలా కరిగింది. పది ఫోటోల్లోనూ కరిగింది.

చిన్నమామ తెరను ముక్కుదాకా తెచ్చుకున్నాడు. "ఇందులో నేను యాడుండా?" అని అడిగాడు, అన్ననే.

"నువ్ యాడుండావో నాకేం తెలుసురా. నేనే కనపడ్లా" అన్నాడు పెద్దమామ.

ఏడేళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. ఆ తర్వాత ఇద్దరూ ఒక్కమాటమీదికొచ్చి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. నాకు కెమెరా ఎవడు చేతికిచ్చాడన్నది వాళ్లిద్దరికీ సమానంగా అర్థం కాలేదు. నేను తల దించుకుని నిలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, లోపల ఎక్కడో, ఇంకొంచెంసేపు తిడితే బాగుండుననిపించింది. అవ్వ అత్త మోచేతిని పొడిచింది. అత్త సెల్‌ఫోన్ తీసి చప్పుడు కాకుండా నొక్కింది. కెమెరామీద రెండు నెరిసిన తలలు ఆనుకుని, మధ్యలో నా వంచిన మెడ. ఈరోజుకీ అవ్వ గదిలో ఉన్నది ఆ పటమే. చిన్నమామ ఆ పూట అక్కడే అన్నం తిన్నాడు.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే ఎదురుషెడ్డులో శిల్పం చెక్కే ఆయన ఆపి, తన ఏనుగు ఎట్లా వచ్చిందో చూపించమన్నాడు. చూసి, ఉలి పక్కన పెట్టేశాడు.

"నా పనిని ఇంత బాగా ఎవరూ తీయలేదప్పా. నా బోర్డుమీద ఏపిచ్చుకుంటా, ఈ పటం ఇయ్యి" అన్నాడు. ఆపై తెరమీద వేలు పెట్టి అడిగాడు, "ఎనక ఈ మసకమసకగా ఉండేదేంది?"

"మావాళ్లన్నా" అన్నాను.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కెమెరామీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. బంధువుల్ని ఇక ఏ లెన్సుతోనూ కరిగించను. కొత్త లెన్సు కొనే ముందు దాన్ని అరువు తెచ్చుకుని, మా ఇంటి హాల్లో గోడకు వీపు ఆనించి, ఎదురుగా మా నాయన రెండు చెవులతో సహా పడుతున్నాడో లేదో చూసుకుంటాను. ఒక్క చెవి తగ్గినా ఆ బేరం వద్దు.