చివరన నడిచిన సుగుణక్క

పొద్దున్నే గోడ అవతల రోటిలో ఏదో దంచుతున్న చప్పుడు వినిపించింది. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాసేపటికి వేయించిన చెనిక్కాయల వాసన, ఎండుమిరప ఘాటు మా వంటింట్లోకి వచ్చాయి. పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు వేరుశెనగ పచ్చడి, అదే మా ఊరిబిండి, చేసుకుంటున్నారు. అందులో వింతేమీ లేదు. కడపలో ఆ వాసన తగలని వీధి ఉండదు. కానీ ఇదివరకు ఆ ఇంట్లోంచి, ఆ వేళప్పుడు, ఆ చప్పుడు వస్తే మా ఇంట్లో అందరం బూట్లు వెతుక్కునేవాళ్లం. సుగుణక్క రోకలి పట్టిందంటే ఆ రోజు ఏదో ఒక కొండకు పోతున్నామని అర్థం.

మొన్న ఎండాకాలంలో సుగుణక్క పోయింది. బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం వాళ్లది. ఆదివారం ఉదయం ఆమెను ఇంకో చోటికి కదిలించడం ఎవరి తరమూ కాదు. అందుకే మా ప్రయాణాలన్నీ రెండో శనివారాలే. నాకంటే చాలా పెద్దది. నేను అక్క అన్నాను, నా పిల్లలు టీచరవ్వ అన్నారు. ఆ పిలుపు ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. "టీచర్నా, అవ్వనా, ఏదో ఒకటి తేల్చండప్పా" అనేది. పిల్లలు చివరిదాకా తేల్చలేదు. ఆమె గురించి గొప్ప మాటలు రాయాలని నాకు లేదు. ఆమె నాకు నేర్పింది ఒకటే, ఎదిగిన పిల్లలతో కలిసి ఎట్లా నడవాలో. అది నేర్చుకోవడానికి నాకు చాలా సమయం పట్టింది. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠం చెబుతాను, ఇంట్లో కూడా నాదే గొంతు. నేర్పడమే తప్ప నేర్చుకోవడం అలవాటు తప్పిన మనిషిని.

మొదటిసారి ఆమె మాతో వచ్చింది గండికోటకు. అప్పటికి మా హారిక ఇంటర్ మొదటి ఏడాది, తేజ తొమ్మిదో తరగతి. ఏ వేళకు ఏం చూడాలో, ఎక్కడ తినాలో, మసీదు ముందా గుడి ముందా అన్నీ నేనే తేల్చిపెట్టాను. కారులో ఖాళీ ఉందని సుగుణక్కను పిలిచాను. జమ్మలమడుగు దాటేదాకా పిల్లలిద్దరూ వెనుక సీట్లో చెరో ఫోన్లో తలదూర్చి ఉన్నారు. కోట గుమ్మం దగ్గర దిగాక నేను గోడ చూపించి రాజుల సంగతి మొదలుపెట్టాను. ఇద్దరూ వింటున్నట్టు నటిస్తున్నారు. అంత బాగా కూడా నటించడం లేదు. సుగుణక్క నన్ను పక్కకు లాగింది.

"పద్మా, ఈ పిల్లోళ్లు రాల్యా. నువ్వు తెచ్చినావు" అంది.

"తేకపోతే వస్తారా అక్కా?"

"అదే సూద్దాం." పిల్లల వైపు తిరిగింది. "మ్మేయ్, ఈడ నుంచి పెన్న కనపడే తావుకు పోవల్ల. నాకు దావ తెలుసు, మీకు తెలీదు. అందుకని మీరే ముందు నడవండి. మీరు యాడికి పోతే ఆడికి వస్తాం."

అది ఆమె పద్ధతి. ఖోఖో ఆడే ఆడపిల్లలను పోటీలకు కర్నూలుకు, నంద్యాలకు తీసుకుపోయిన రోజుల్లో మొదలుపెట్టిందట. దారి తెలియనివాళ్లు ముందు నడవాలి, తెలిసినవాళ్లు అందరికంటే వెనుక రావాలి. వెనుక వచ్చేవాళ్లు సలహా చెప్పకూడదు. నోరు తెరవని పిల్ల చేతనే బస్టాండులో బస్సు అడిగించేదట. కండక్టర్లు విసుక్కుంటే విసుక్కోనీ అనేది.

ఆ రోజు పిల్లలు మమ్మల్ని నేరుగా కంపల్లోకి తీసుకుపోయారు. మా ఆయన చొక్కా చిరిగింది. ఎండ మాడుస్తోంది. ఎడమకు తిరిగి ఉంటే ఈపాటికి లోయ అంచున ఉండేవాళ్లమని నాకు తెలుసు. నోరు తెరవబోయిన ప్రతిసారీ సుగుణక్క నా మోచేయి నొక్కి "గమ్మునుండు" అంది. ముందర హారిక, తేజ గట్టిగా వాదులాడుకుంటున్నారు. నువ్వు చెప్పినందుకే ఇట్లయిందని ఒకరు, నిన్ను ఎవరు వినమన్నారని ఒకరు. నాకు తల నొప్పి పుట్టింది. సుగుణక్క మాత్రం సంబరంగా వింటోంది. "కొట్లాడుకుంటాండారు పద్మా. పొద్దున కార్లో ఒకరి మొగం ఒకరు సూసుకోల్యా" అంది. మేము పెన్నను చూసేసరికి మధ్యాహ్నం దాటింది. ఎవరూ ఫోటోలు తీసే చోటు కాదది. మేకలు కాసే ముసలాయన ఒకడు బండ నీడన పడుకుని ఉన్నాడు. ఎర్రటి రాతి గోడల మధ్య నది కింద సన్నగా, పచ్చగా కదులుతోంది. తేజ అంచుకు ఇవతల బోర్లా పడుకుని కిందికి చూస్తూ, "మేమే కనుక్కున్నాం" అన్నాడు. వాడి ముఖంలో నేను చెప్పిన ఏ చరిత్రకూ రాని వెలుగు ఉంది. సుగుణక్క అప్పుడు మాత్రమే మూట విప్పి రొట్టెలు, ఊరిబిండి తీసింది.

ఆ తర్వాత మూడేళ్లలో చాలా చోట్లకు తిరిగాం. అన్నీ రాయను. శ్రీశైలం అడవిలోకి, బద్వేలు వైపు కొండల్లోకి, ఎక్కడికి పోయినా అదే వరస: ముందు పిల్లలు, మధ్యలో నేనూ మా ఆయనా, చివరన సుగుణక్క. కొండ మీద గుడి ఉంటే ఆమె గుమ్మం బయట బండ మీద కూర్చునేది. ఒకసారి తేజ, "మీరు లోపలికి రారా టీచరవ్వా?" అని అడిగాడు. "మీ సామిని మీరు సూసుకోని రాండి. నేను మీ చెప్పులు సూసుకుంటా. చెప్పులు పోతే ఈ ముళ్లల్లో మిమ్మల్ని ఎవురు మోస్తారు?" అంది. అట్లా ఎన్నో గుళ్ల దగ్గర మా చెప్పులకు కాపలా కాసింది.

ఇక అసలు సంగతి. హారిక ఇంటర్ పూర్తిచేసింది, మెడికల్ సీటుకు సరిపడా ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది కోచింగు తీసుకుంటే వస్తుందని నేను నిర్ణయించాను. నెల్లూరులో హాస్టలు కుదిర్చాను. సోమవారం చేరాలి. పెట్టె కూడా సర్దేశాను. హారిక వద్దనలేదు, సరేననలేదు. ఆ ఆగస్టు నెలంతా మా ఇద్దరి మధ్య మాటలు అన్నం పెట్టమంటావా, ఫ్యాన్ ఆపనా అన్నంతవరకే. సోమవారానికి ముందు వచ్చిన శనివారం సుగుణక్క రోకలి చప్పుడు వినిపించింది. "పిల్ల పోయే ముందు ఒకసారి నడిచి వద్దాం" అంది. సిద్ధవటం దాటి లంకమల కొండల్లో నిత్యపూజకోనలో ఉన్న శివుడి గుడికి పోయాం. హారిక ముందు నడిచింది.

కోన లోపలికి పోయే దారిలో వంకను అడ్డంగా దాటాలి. వంక అంటే మా వైపు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక, గుండ్లు, అంతే. పొద్దున బూట్లు తడవకుండా దాటాం. లోపల ఒకచోట ఏటవాలు బండ మీద అలల గుర్తులు కనపడ్డాయి, ఇసుకలో నీళ్లు గీసిన గీతలు రాయి అయిపోయినట్టు. హారిక అక్కడ చాలాసేపు కూర్చుంది. గీతల మీద వేలు నడుపుతూ కూర్చున్న బిడ్డను చూసి, ఇంక బయలుదేరమని చెప్పాలనుకున్నాను. ఆమె ముందు నడిచే మనిషి కాబట్టి ఆగాను.

దర్శనం చేసుకుని తిరిగి వచ్చేసరికి పై కొండల మీద మబ్బు దిగింది. మా నెత్తిన చినుకు లేదు. వంక దగ్గరికి వస్తే ఇసుక మీద ఎర్రటి నీళ్లు పారుతున్నాయి, మడమల లోతున. వరద వచ్చే దేశంలో పుట్టినవాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. మేము కరువు సీమ వాళ్లం. నీళ్లు కనపడితే ఎదురు పోతాం. వంక వచ్చిందంటే ఊరు ఊరంతా చూడ్డానికి పరుగెత్తడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లం. నేను, తేజ, మా ఆయన ముగ్గురం ఆలోచన లేకుండా వంకలోకి దిగాం. మా ఆయనైతే నడి వంకలో నిలబడి వీడియో తీస్తూ, బద్వేలులో ఉన్న తమ్ముడికి చెబుతున్నాడు: "ఒరేయ్, వంక పారుతాండాది సూడరా! ఎన్నేండ్లయిందిరా సూసి!"

"నాయనా, పైకి రాండి! మీరు ముగ్గురూ వెనక్కి రాండి!" హారిక అరిచింది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. తేజ వెంటనే వచ్చేశాడు, మా ఆయన నవ్వుతూ వచ్చాడు. నేను రాలేదు.

"మోకాటి లోతు కూడా లేదు కదే. అదిగో కారు కనపడతాండాది. దాటేద్దాం పదండి" అన్నాను.

"ఆ గుండు సూడు మా. మనం వచ్చినప్పుడు సగం బయట ఉండె, ఇప్పుడు నెత్తి మాత్రమే ఉండాది. పుల్లలు, పచ్చాకు కొట్టుకొస్తాండాయి. పైన ఇంకా పడతానే ఉండాది. తగ్గేదాంక ఈ పక్కనే కూర్చుంటాం."

"చీకటి పడితే? నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలీదు."

అన్నాక సుగుణక్క వైపు చూశాను. ఆ కొండల దగ్గర పుట్టి పెరిగిన మనిషి. ఆమె ఒక్క మాట అంటే చాలు. ఆమె వంక వైపు చూసింది, హారిక వైపు చూసింది, ఎత్తైన బండ ఒకటి వెతుక్కుని కూర్చుంది. "ముందు నడిచేది అది. నేను కూర్చుంటాండా" అంది. నేను నీళ్లలోంచి పైకి వచ్చాను. రావడం ఇష్టమై కాదు.

వంక పెరిగింది. ఎంత పెరిగిందంటే ఏమని చెప్పను. ఒక ఎండుమాను దొర్లుకుంటూ పోయింది, మేము నిలబడిన ఇసుక కనపడకుండా పోయింది. అంతకు ముందే దాటి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. క్షేమంగా కారెక్కేవాళ్లమేమో. మా అమ్మాయి మమ్మల్ని కాపాడిందని నేను ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే అది నాకు తెలియదు. తెలిసింది ఒకటి: నేను కారును చూశాను, ఆమె వంకను చూసింది.

ఆ బండ మీద కూర్చున్నప్పుడే, నీళ్ల వైపు చూస్తూనే, హారిక చెప్పింది. "నేను సోమవారం పోను మా. కర్నూలు కాలేజీలో జియాలజీకి అప్లై చేసినా. రాళ్లు చదువుకుంటా."

నాలో లేచిన మాటలు ఒకటీ రెండూ కావు. సుగుణక్క అటువైపు నుంచి చేయి చాచి నా మోచేయి పట్టుకుంది. నొక్కలేదు, పట్టుకుంది, అంతే. మా ఆయనే అందుకున్నాడు: "మన గడప రాయే, అరుగు రాయే, పరుపు కూడా ఆల్మోస్టు రాయే. ఇంకా రాళ్లల్లో సదివేదేముందే పాపా?" తేజ పగలబడి నవ్వాడు. హారిక కూడా నవ్వింది. తర్వాత ఆ అలల బండ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఈ కొండ ఉన్నచోట లోతులేని సముద్రం ఉండేదని, ఆ గీతలు దాని అలలవని. చాలాసేపు చెప్పింది. ఇంత చదివి పెట్టుకుందని నాకు తెలియదు. నా బిడ్డ పాఠం చెబుతుంటే నేను విద్యార్థిలా కూర్చుని విన్న మొదటి సందర్భం అది. బాగా చెప్పింది.

పొద్దు వాలే ముందు నీళ్లు తగ్గాయి. హారిక ఒక కట్టె విరిచి ముందు తాను దిగి చూసింది, వెనక్కి వచ్చి ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోమంది. నా మణికట్టు ఆమె చేతిలో ఉంది. అది చిన్నపిల్ల పట్టు కాదు. ఆదివారం పెట్టెలోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టాను. సోమవారం నెల్లూరుకు ఫోన్ చేసి, మా అమ్మాయి రావడం లేదని నేనే చెప్పాను.

కొన్నాళ్లకు, ఇద్దరమే ఉన్నప్పుడు, సుగుణక్కను అడిగాను. "ఒకవేళ హారికే దాటుదాం అని ఉంటే? అప్పుడు కూడా గమ్మున ఉండేదానివా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "జుట్టు పట్టుకోని ఈడ్చుకొచ్చిందును. గమ్మునుండేదంటే సూడకుండా ఉండేదనుకున్నావా? ముందు నడిచేవాళ్లకు దావ ఒకటే కనపడుతుంది. నాకు మీ అందరి కాళ్లూ కనపడతాంటాయి. ఎనక నడిచేటోళ్లకే శానా పని పద్మా."

నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. పిల్లల పెంపకం మీద కూడా చదివాను. పట్టుకోవడం గురించి చెప్పినవి ఉన్నాయి, వదిలేయడం గురించి చెప్పినవి ఉన్నాయి. ఈ రెండూ కాని మూడో పని ఒకటుందని, అదే అన్నిటికంటే కష్టమని నాకు చెప్పింది ఆమె ఒక్కతే. ఆమె చెప్పింది నిజమని ఇప్పుడు నాకు అనుమానం లేకుండా తెలుసు.

జబ్బు ఆమెను తొందరగానే తీసుకుపోయింది. సమాధి దగ్గర ఆమె ఖోఖో పిల్లలు వరసగా నిలబడ్డారు. ఇప్పుడు అందరూ మధ్యవయసు ఆడవాళ్లు. బెంగళూరు నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చినామె ఒకరు, మనవరాలిని చంకనేసుకుని వచ్చినామె ఒకరు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఇంటికి వచ్చాక వంటింట్లో కాసేపు ఏ పనీ తోచక నిలబడ్డాను.

నిన్న సాయంత్రం హారిక ఫోన్ చేసింది. చివరి ఏడాది చదువుతోంది. బేతంచెర్ల దగ్గర రాళ్లు పరిశీలించే పని మీద క్లాసు పిల్లలతో క్యాంపులో ఉంది. "రేపు కొండెక్కుతాండాం మా. పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉండాది" అంది. నా నోట్లో చాలా మాటలు వరసకట్టాయి. వంకలు, పిడుగులు, పాములు, జారే బండలు. ఒక్కటీ బయటికి రానీయలేదు. కొండ పేరేమిటో, ఏ వైపు నుంచి ఎక్కుతారో ఆమె చెబుతుంటే విన్నాను. మధ్యలో ఆగింది.

"మ్మా, ఉండావా?" అని అడిగింది.

"ఉండా. చెప్పు" అన్నాను.