ఉదయగిరిలో చెక్క స్పూనుకు ఆది

శనివారం ఉదయం ఆరూ పదికి నెల్లూరు బస్టాండులో ఆత్మకూరు బస్సు ఎక్కాను. చేతిలో గుడ్డ సంచి, అందులో నీళ్ళ సీసా, ఆధార్ కార్డు, ఎందుకూ పనికిరాని ఒక చెక్క స్పూను. ఆ స్పూను సంగతి చెబితే గానీ ఈ ప్రయాణం ఎందుకో అర్థం కాదు.

మా చెల్లెలు సుజాతకు నాలుగు నెలలుగా క్యాన్సరు వైద్యం జరుగుతోంది. అందుకోసం ఆమె, ఆమె భర్త శీను నెల్లూరులో మా ఇంట్లోనే ఉంటున్నారు. మందుల ధాటికి జుట్టు ఊడింది, నోట్లో పుండ్లు లేచాయి, వేళ్ళ కొసలు మొద్దుబారాయి. చేత్తో కలిపితే మెతుకు తగిలేది తెలియక స్టీలు స్పూనుతో తినడం మొదలుపెట్టింది. నెల రోజులుగా అదీ సాగడం లేదు. ఏం పెట్టినా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుందని మొహం తిప్పేస్తుంది. నేను జాకెట్లు కుట్టే టైలర్ని. ఆమె జాకెట్లకు ఇప్పటికి మూడుసార్లు కుట్లు లోపలికి వేశాను. ఇంకా బరువు తగ్గితే తర్వాతి విడత మందు ఆపాల్సి వస్తుందని, సోమవారం బరువు చూసి చెబుతానని డాక్టరు అన్నాడు.

ఆస్పత్రిలో ఒక నర్సమ్మ మాత్రం, "ఇనప రుచి వస్తా ఉంటే చెక్క స్పూనుతో పెట్టి చూడండక్కా" అంది. ఇంటికి రాగానే ఫోనులో ఆర్డరు పెట్టాను. వచ్చింది చూస్తే పప్పుగుత్తికి తమ్ముడిలా ఉంది, పైగా వార్నిషు పూత. ఆ వాసనకు సుజాత అప్పటికే తాగిన రెండు గుటకల జావ కూడా కక్కేసింది. చెక్క స్పూన్లకు పేరుమోసిన ఉదయగిరి మన జిల్లాలోనే ఉండగా ఎక్కడో ఆర్డరు పెట్టిన నా తెలివికి నన్ను నేనే తిట్టుకుని, కొట్టుకు తాళం వేసి బయలుదేరాను.

ఇంకో పని కూడా ఉంది. రోజూ సాయంత్రం సుజాతకు ఒక వింత చెప్పాలి. చిన్నప్పటి నుంచి దానికి అదే పిచ్చి. తిండి మానింది గానీ వింతలు మానలేదు. ఇల్లూ కొట్టూ దాటని నాకు రోజుకో వింత ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఈ ప్రయాణంలో కళ్ళూ చెవులూ తెరిచి పెట్టుకున్నాను.

మొదటిది బస్సులోనే దొరికింది. ఆడవాళ్ళకు టికెట్టు అక్కర్లేదు గానీ టికెట్టు ఇస్తారు. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, మిషను నొక్కి, సున్నా రూపాయలని అచ్చయిన కాగితం చేతిలో పెట్టాడు.

"పారెయ్యబాకమ్మా. చెకింగు వస్తే చూపించాల" అన్నాడు.

డబ్బులిచ్చి కొన్న టికెట్టును నేను ఏ రోజూ ఇంత భద్రంగా దాచలేదు. నా పక్కన కూర్చున్న ముసలామె అయితే తన సున్నాను చీర కొంగున రెండు ముళ్ళేసి దోపుకుంది.

ఏడూ ముక్కాలుకు ఆత్మకూరులో దిగాను. బస్టాండు బయట ఏ.ఎస్. పేట దర్గాకు పోయేవాళ్ళు ఆటోల దగ్గర గుంపులుగా ఉన్నారు. ఎదురుగా ఉన్న హోటల్లో ఎర్రకారం దోసె తిన్నాను. దోసె బాగుంది, కాఫీ వేడిగా ఉండడం తప్ప చెప్పుకోవడానికేమీ లేదు. ఈ దారిన పోయేవాళ్ళు ఇక్కడే టిఫిను కానిచ్చుకోవడం మేలు. ఎనిమిదిన్నరకు ఉదయగిరి బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది గానీ కిటికీ తెరుచుకోలేదు.

బస్సు ఊరు దాటిన కాసేపటికి వెనక సీట్లో ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని తిట్టడం మొదలుపెట్టింది. "లెయ్యి, లేచి పో! సిగ్గుండాల!" అని ఒకటే అరుపు. ఉలిక్కిపడి తిరిగి చూస్తే అక్కడ ఆడమనిషి లేదు. వరికుంటపాడు వైపు రైతట, యాభై ఏళ్ళ మనిషి, ఫోను చేతిలో పట్టుకుని పక్కాయనకు వినిపిస్తున్నాడు.

"ఎవరిదన్నా ఆ గొంతు?" అని అడిగాను.

"మా ఇంటామెదేనమ్మా. అడవిపందులు వేరుశనగ చేలో పడతా ఉండాయని బ్యాటరీ మైకు కొన్నాను. దాంట్లో పులి అరుపు వేసినా. రెండు రోజులు బయపడినాయి, మూడోరోజు నుంచి లెక్క చెయ్యలా. అప్పుడు మా ఆమె నన్ను తిట్టేది రికార్డు చేసి పెట్టినా."

"పందులు ఆగినాయా?"

"పందులు రావడంలా. పక్క చేను వాళ్ళు గూడా రావడంలా."

బస్సులో నవ్వని మనిషి లేడు. ఆమెకు ఈ సంగతి తెలుసా అని ఎవరో అడిగారు. "తెలవకేం? సాయంత్రమయితే తనే గుర్తు పెట్టుకుని చార్జింగు పెడతాది" అన్నాడు గర్వంగా. కాపరం అంటే ఇదీ అనుకున్నాను. ఈ రోజుకు సుజాత వాటా వింత దొరికిందని నా మనసు కుదుటపడింది.

పదీ ఇరవైకి ఉదయగిరి. ఊరి నెత్తిన కొండ, కొండ మీద కోట. కోట ఎక్కాలనుకునేవాళ్ళు తెల్లవారే మొదలుపెట్టాలని, నీళ్ళు మోసుకుపోవాలని టీకొట్టాయన చెప్పాడు. నేను కింద నుంచే ఒక దణ్ణం లాంటి చూపు చూసి, చెక్క పనివాళ్ళ వీధి అడిగాను. వీధి మలుపులోనే ఆకురాయితో చెక్కను రాసే చప్పుడు వినిపించింది. నోటికి బాగాలేని మనిషి కోసం స్పూను అనేసరికి ఎవరిని అడిగినా ఒకే పేరు చెప్పారు. ఖాదర్‌బీ.

అరవై దాటిన మనిషి. వరండాలో గోనెపట్ట మీద కాళ్ళు చాపుకుని, పాదాల మధ్య చెక్క ముక్క ఇరికించి అరగదీస్తోంది. ఎదురుగా చాప మీద స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు. నా సంచిలోని స్పూను ఆమె చేతికిచ్చాను. వాసన చూసి పక్కన పెట్టింది.

"బూబమ్మా, వీటిల్లో ఒక మంచిది ఇయ్యి" అని చాప మీద నుంచి నున్నటిదొకటి తీసుకున్నాను.

"ఎవరికమ్మా?"

చెప్పాను. ఆమె నా చేతిలోది మెల్లిగా లాక్కుని మళ్ళీ చాప మీద పెట్టేసింది.

"ఇది బాగుండే మనిషికి. నోట్లో పుండ్లుండే మనిషికి అంచు తగలకూడదు. ఆది తెచ్చినావా?"

"స్పూనుకు ఆదేంది?"

"నువ్వేం పని చేస్తావు?"

"టైలర్ని."

"ఆది జాకెట్టు లేకుండా కత్తెర పెడతావా?"

కొలతకు పాత జాకెట్టు ఆది తేకుండా వచ్చినవాళ్ళను పాతికేళ్ళుగా గుమ్మంలోనించే తిప్పి పంపుతున్నదాన్ని. ఆది ఇవ్వకుంటే గుడ్డ ముట్టుకోనని కొట్లో బోర్డు కూడా రాయించాను. అలాంటిదాన్ని తోడబుట్టిన చెల్లెలి నోటి కోసం చేతులూపుకుంటూ వచ్చాను.

వెంటనే ఫోను తీసి, సుజాత నవ్వుతున్న ఫోటో చూపించాను. రెండేళ్ళ కిందటిది. నిండు బుగ్గలు. ఖాదర్‌బీ చాలాసేపు చూసింది.

"ఈ నోరు ఇప్పుడు లేదు గదమ్మా" అంది.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పటి ఫోటో ఒక్కటీ లేదు. జుట్టు పోయినప్పటి నుంచి సుజాత ఎవరినీ ఫోటో తియ్యనివ్వదు, వీడియో కాల్ అంటే దుప్పటి కప్పుకుంటుంది. ఆ మాటే చెప్పాను.

"మొహం నాకెందుకు? కొరుకు చాలు" అంది ఖాదర్‌బీ.

ఆమె ఆది తీసే పద్ధతి అది. వాళ్ళ అత్తకు పక్షవాతం వచ్చి మూతి వంకరపోయినప్పుడు రొట్టె కొరికించి చూసిందట. నోరు ఎంత తెరుచుకుంటుందో, ఏ పక్కన బలం ఉందో అంతా ఆ కొరికిన చోట కనపడుతుందట. అప్పటినుంచి నోటికి బాగాలేని ఎవరికి చెయ్యాలన్నా కొరికిన ముక్క తెమ్మంటుంది. మొదట్లో జనం కాగితంలో చుట్టుకుని తెచ్చేవాళ్ళు. ఇప్పుడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో పంపుతారు, బిళ్ళను బట్టి ఆమె కొలత లెక్క కట్టుకుంటుంది. ఫోను తెరిచి చూపించింది. కొరికిన చపాతీలు, దోసెలు, బ్రెడ్డు ముక్కలు, ఒక సగం జామకాయ. మనవళ్ళ ఫోటోల కన్నా అవే ఎక్కువ ఉన్నాయి. అడవిపందుల మైకు దీని ముందు ఏ మూలకు?

పదకొండింటికి మా మరిది శీనుకు ఫోను చేశాను. ఆరు ఇడ్లీలు తెప్పించి, సుజాత చేత కొరికించి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో పంపమన్నాను.

"వదినా, పొద్దున జావే ముట్టలా. ఇడ్లీ యాడ కొరకతాది?"

"మింగక్కర్లేదు. కొరికి ఉమ్మెయ్యమను. దాని వేళ్ళకు పట్టు ఉండదు, నువ్వే పట్టుకో."

సుజాత ఫోను లాక్కుంది. "అక్కా, నీకేమన్నా పిచ్చి పట్టినాదా?"

"ఈ రోజు వింత ఇదే. స్పూనుకు ఆది అడుగుతా ఉండారు."

అవతల సన్నగా ఒక నవ్వు. ఎన్ని రోజులయిందో ఆ చప్పుడు విని. "ఎంగిలి ఇడ్లీ ఆదా? నాయన ఉండుంటే నిన్ను కొట్టుండేవాడు" అంది.

ముప్పావు గంటకు మొదటి ఫోటో వచ్చింది. ఇడ్లీ అంచున గోరంత లోటు. ఖాదర్‌బీ వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి చూసి పెదవి విరిచింది.

"ఇది పిచ్చుక కొరుకు. మనిషిది పంపమను."

రెండో ఫోటోలో ఇడ్లీ చిదికిపోయి ఉంది. "ఇది ఆయన వేళ్ళ ఆది. గట్టిగా పట్టుకోబాక అని చెప్పు." మూడోది బాగుంది గానీ కుడి పక్కతో కొరికింది, ఎడమ పక్కది కూడా కావాలంది. సుజాత ఇంక విసుక్కుంటుందేమోనని భయపడుతూనే ఆ మాట శీనుకు చెప్పాను. పది నిమిషాలకు నాలుగో ఫోటో వచ్చింది. చక్కని అర్ధచంద్రం. ఖాదర్‌బీ ఫోను పక్కన చెక్క పెట్టుకుని పెన్సిలుతో వంపు గీసింది.

అది కొండ మీద దొరికే నర్ది చెక్క. రంపం, ఉలి, ఆకురాయి, చివరికి గరుకు కాగితం. మధ్యాహ్నం వాళ్ళ కోడలు అన్నం, పప్పు, మామిడికాయ ఊరగాయ పెట్టింది, వద్దంటే ఊరుకోలేదు. నూనె గానీ రంగు గానీ పుయ్యలేదు. వేడినీళ్ళతో కడిగి, తుడిచి, ఖాదర్‌బీ ఒక పని చేసింది. కళ్ళు మూసుకుని స్పూను అంచును తన కంటిరెప్ప మీద మెల్లిగా నడిపించింది. ఒకచోట ఆగి, అక్కడ మళ్ళీ అరగదీసింది. అలా నాలుగుసార్లు.

"రెప్పకు తెలిస్తే పుండుకు తెలస్తాది" అంది.

చిన్న పిల్లల స్పూనంత, గుంట లోతు తక్కువ, కాడ మాత్రం మొద్దుబారిన వేళ్ళకు పట్టు దొరికేలా లావు. చాప మీద ఉన్నవాటికి తీసుకునే ధరే తీసుకుంది, రూపాయి ఎక్కువ ఇస్తానన్నా ఒప్పుకోలేదు. పోయేవాళ్ళు ఎవరికయినా చెబుతున్నాను, కొనేది ఎవరి నోటికో తెలిసి పోండి, ఒక పూట ఆగే ఓపికతో పోండి. ఒక్క రోజులో పోయి రావచ్చు, లాడ్జీతో పనిలేదు.

మూడు గంటలకు ఆత్మకూరు బస్సు ఎక్కాను. మళ్ళీ ఒక సున్నా టికెట్టు. స్పూనును శుభ్రమైన జేబురుమాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. లోకంలో ఇన్ని ఫోన్లు ఉండి, వాటిలో ఇంత చెత్త ఉండి, ఆ ముసలామె ఫోనులో మాత్రం జబ్బుపడ్డవాళ్ళు కొరికిన రొట్టెలు ఉన్నాయి. వింతలంటే నవ్వుకోవడానికేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఆత్మకూరు ఇంకా అరగంట ఉందనగా సుజాత ఫోను చేసింది.

"ఆమె ఇంకో ఫోటో అడిగినాదా?"

"లేదు లే. స్పూను అయిపోయింది. ఇదో, తెస్తా ఉన్నాను."

"అక్కా, ఆ ఇడ్లీ ఇడ్లీలాగే ఉండాది" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుతో చచ్చిపోయాను. నెల రోజులుగా దాని నోట్లోకి స్టీలు తగలకుండా ఏదీ పోలేదు. ఇడ్లీని కూడా పాలల్లో చిదిపి, స్టీలు స్పూనుతోనే పెట్టాం. చెక్క కోసం ఇంటర్నెట్టు వెతికాను, రెండు బస్సులు మారి వచ్చాను. పసిపిల్లకు పెట్టినట్టు చేత్తో ఒక ముక్క నోటికి అందించాలని నాకూ తోచలేదు, శీనుకూ తోచలేదు.

"నాలుగు ఫోటోలు పంపినాం గదా" అంది సుజాత. "తర్వాత ఆయన్ని ఇంకో ఇడ్లీ పట్టుకోమన్నాను. దానికి ఫోటో తియ్యలా."

"ఎందుకు తియ్యలేదే?"

"ఏముంది తియ్యడానికి? మొత్తం తినేసినాను."

నేను మొహం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చాను. పక్కనున్నామె ఏమైందమ్మా అని భుజం పట్టుకుంటే, మా చెల్లెలు ఇడ్లీ తినిందని చెప్పాను.